లాంతరు వెలుగులో మామత్ గుహ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము లూయీవిల్‌లో ఉంటున్నాము. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వచ్చారు. మామత్ కేవ్ నేషనల్ పార్కులో కరెంటు దీపాలు లేకుండా, పాతకాలంలో లాగా లాంతర్లు పట్టుకుని గుహలో నడిపించే యాత్ర ఒకటి ఉందని విన్నాము. నాన్నగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అమ్మకు చీకటంటే భయం. మా బాబుకు ఏడేళ్లు. అందరం కలిసి వెళ్లవచ్చా? కరెంటు పుష్కలంగా ఉన్న దేశంలో లాంతర్లు ఎందుకని నాన్నగారు అడుగుతున్నారు. దానికి మా దగ్గర సమాధానం లేదు.
(ఒక పాఠకురాలు, లూయీవిల్, కెంటకీ)

జవాబు: ముందు నాన్నగారి ప్రశ్నకు జవాబు చెబుతాను. అది అర్థమైతే మీలో ఎవరు వెళ్లాలో, ఎవరు ఆగాలో మీరే తేల్చుకోగలరు.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉన్న మామత్ గుహను చూడవచ్చిన వారిని గైడు వెంటబెట్టుకుని తిప్పి చూపించడం 1816లో మొదలైంది. ఆ తరువాత దాదాపు వందేళ్ల పాటు లోపలికి వెళ్లిన ప్రతి మనిషీ తన వెలుగును తానే చేత్తో పట్టుకుని వెళ్లాడు. మొదట్లో అవి పంది కొవ్వు నూనెతో వెలిగే చిన్న దీపాలు. కిరసనాయిలు లాంతర్లు తరువాత వచ్చాయి. మీరు విన్న వాయిలెట్ సిటీ లాంతరు యాత్ర ఆ పద్ధతినే అనుసరిస్తుంది. సుమారు మూడు మైళ్ల దూరం, మూడు గంటల సమయం. పాత ప్రవేశద్వారం దగ్గర మెట్లు దిగి లోపలికి వెళితే, బయటకు వచ్చేది మరో ద్వారం నుంచి. అక్కడి నుంచి బస్సులో వెనక్కు తీసుకువస్తారు.

లాంతరు వెలుగు చేసే పని కరెంటు దీపం చేయలేదని నాకు స్టార్ ఛాంబర్ అనే చోట నిలబడ్డప్పుడు అర్థమైంది. అక్కడ పైకప్పు నల్లబారిన జిప్సం పొరతో కప్పబడి ఉంటుంది. ఆ పొర అక్కడక్కడ పెచ్చులుగా రాలిపోయి, కింద ఉన్న తెలుపు చుక్కలు చుక్కలుగా బయటపడింది. బల్బు వెలుగులో చూస్తే అది మచ్చలు పడిన రాతికప్పు మాత్రమే. మసక వెలుగులో మాత్రం రాయి ఎక్కడ ఉందో కంటికి తెలియకుండా పోయి, ఆ తెల్లటి పెచ్చులు అమావాస్య నాటి ఆకాశంలో నక్షత్రాల్లా నిలుస్తాయి. ఇది ఆధునికులు కల్పించిన తమాషా అనుకోవద్దు. 1850లో అమెరికన్ రచయిత ఎమర్సన్ ఈ గదిలో కూర్చుని ఆ నక్షత్రాలను చూసి, భ్రాంతుల మీద తాను రాసిన వ్యాసాన్ని ఈ అనుభవంతోనే ప్రారంభించాడు. లాంతర్లు పక్కకు దాచి, మళ్లీ మెల్లగా ముందుకు తెచ్చి, సూర్యోదయం అవుతున్నట్టు చూపించే నేర్పు కూడా ఆ నాటి గైడులదే.

ఇక మీ కుటుంబం సంగతి. ఆరేళ్లు నిండని పిల్లలను ఈ యాత్రకు అనుమతించరు కాబట్టి బాబుకు వయసు అడ్డం కాదు. మూడు గంటలు ఓపికగా నడవగలడా లేదా అన్నది మీకే తెలియాలి. అమ్మగారి విషయంలో నేను మరీ అంత దిగులుపడను. ఈ గుహలో ప్రధాన మార్గం చాలా విశాలమైనది, ఊపిరాడని ఇరుకు కాదు. చుట్టూ పదిమంది మనుషులు, ముందొకరు వెనకొకరు పార్కు రేంజర్లు ఉంటారు. ఒక్కచోట మాత్రం వెలుగులన్నీ తగ్గించి కాసేపు కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటిని చూపించే ఆనవాయితీ ఉంది. ఆ మాట ఆవిడకు ముందే చెప్పి, ఆ సమయంలో చెయ్యి పట్టుకుని నిలబడండి.

నాన్నగారిని మాత్రం ఈ యాత్రకు తీసుకువెళ్లవద్దని నా గట్టి సలహా. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎక్కుడు దిగుడులు చాలా ఉన్నాయి. పాదం ఎక్కడ పడుతోందో లాంతరు వెలుగులో సరిగా కనబడదు. పైగా మధ్యలో అలసిపోతే వెనుదిరిగే దారి ఉండదు. పేరు చూసి చాలామంది టిక్కెట్టు తీసుకునే హిస్టారిక్ టూరు కూడా ఆయనకు పనికిరాదు. అది రెండు గంటల్లో రెండు మైళ్లే అయినా దారిలో 540 మెట్లున్నాయి. ఆయనకు తగినది ఫ్రోజెన్ నయాగరా యాత్ర. నడక చాలా తక్కువ, మెట్లు కొద్దిగానే ఉంటాయి. మన బొర్రా గుహల్లో చూసినట్టు పైనుంచి వేలాడే సున్నపు ఊడలూ కింది నుంచి లేచిన స్తంభాలూ కనిపించేది కూడా అక్కడే. లాంతరు యాత్ర జరిగే పై అంతస్తులో అటువంటివి దాదాపు ఉండవు, ఎందుకంటే దాని మీద గట్టి ఇసుకరాయి పొర గొడుగులా కప్పి నీటిని లోపలికి దిగనివ్వదు. అందమైన ఆకారాలు చూడాలన్న కోరికతో లాంతరు యాత్రకు వెళ్లినవారు చిన్నబోయి తిరిగి వస్తారు. అక్కడ చూడవలసినది రాళ్ల కన్నా ఎక్కువగా మనుషులు విడిచి వెళ్లిన గుర్తులను.

మరికొన్ని చిన్న విషయాలు. లోపల ఏడాది పొడవునా సుమారు 12 డిగ్రీల సెల్సియస్ చలి ఉంటుంది, కనుక జూలైలో వెళ్లినా అమ్మగారికి శాలువా కాక స్వెట్టరే వేయించండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మీ లూయీవిల్ తూర్పు కాలమానంలో ఉంది, గుహ మధ్య కాలమానంలో ఉంది. టిక్కెట్టు మీద ఉండేది గుహ దగ్గరి సమయం. వెళ్లేటప్పుడు మీకు ఒక గంట కలిసివస్తుంది, తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. ఈ యాత్రను అన్ని రుతువుల్లోనూ నడపరు, నడిపే రోజుల్లో టిక్కెట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోండి.

ప్రశ్న: గత వేసవిలో వర్జీనియాలో ఒక గుహ చూశాము. వచ్చే నెల మామత్ కేవ్‌కు వెళుతున్నాము. వేరే గుహలో తొడిగిన బూట్లు వేసుకుని రాకూడదని స్నేహితులు అంటున్నారు. ఇది నిజమేనా?
(ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో)

జవాబు: నిజమే, దయచేసి తేలికగా తీసుకోకండి. ఉత్తర అమెరికాలో గబ్బిలాలకు తెల్లముక్కు జబ్బు అనే ప్రాణాంతకమైన వ్యాధి వ్యాపించింది. దానికి కారణం చల్లటి గుహల్లో పెరిగే ఒక బూజు. శీతాకాలపు నిద్రలో ఉన్న గబ్బిలం ముక్కు మీదా రెక్కల మీదా అది పెరిగి, నిద్ర చెడగొట్టి, దాచుకున్న కొవ్వును అకాలంలో ఖర్చు చేయించి చంపుతుంది. లక్షల సంఖ్యలో గబ్బిలాలు చనిపోయాయి. మామత్ కేవ్ పార్కు పరిధిలో ఈ జబ్బు 2013లో బయటపడింది. బూజు మనిషికి హాని చేయదు కానీ, దాని బీజాలు మన బూట్ల మట్టిలో, బట్టల మడతల్లో ఒక గుహ నుంచి మరో గుహకు ప్రయాణం చేస్తాయి. అందుకే ఇతర గుహల్లో వాడిన బూట్లు, బట్టలు, సంచులు లోపలికి తేవద్దంటారు. యాత్ర ముగించి బయటకు వచ్చిన ప్రతివారినీ సబ్బునీటితో తడిపిన కాలిపట్టాల మీదుగా నడిపిస్తారు. ఆ పట్టాల పక్క నుంచి దాటిపోయేవారిని నేను చూశాను. రెండు నిమిషాల పని అది, నిదానంగా మడమల దాకా తుడుచుకుని రండి.

ప్రశ్న: నేను చరిత్ర ఉపాధ్యాయురాలిని. మామత్ గుహకు తొలినాటి గైడులు బానిసలని ఎక్కడో చదివాను. బానిసలకు గుహ దారులు ఎలా తెలిశాయి? ఇప్పటి యాత్రల్లో వారి సంగతి చెబుతారా, లేక దాటవేస్తారా? పిల్లలకు పాఠంగా చెప్పాలని అడుగుతున్నాను.
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మీ ప్రశ్నకు కృతజ్ఞతలు. ఈ గుహ గురించి ఎవరు అడిగినా నేను చెప్పాలనుకునేది ఈ మనుషుల గురించే.

కథ గైడుల కన్నా ముందు మందుగుండుతో మొదలవుతుంది. గుహ అడుగున ఉన్న ఎండు మట్టిలో నత్రజని లవణాలు ఉంటాయి. 1812లో అమెరికాకు బ్రిటన్‌తో యుద్ధం వచ్చి సముద్ర మార్గాలు మూసుకుపోయినప్పుడు తుపాకి మందుకు కావలసిన సురేకారానికి కటకట ఏర్పడింది. ఆ రోజుల్లో ప్రపంచానికి సురేకారం పెద్ద ఎత్తున అందిన చోటు మన దేశంలోని బీహారు ప్రాంతం. అది బ్రిటిష్ వారి గుప్పిట్లో ఉంది. మీ తరగతిలో పిల్లలకు ఆ లంకె చెబితే దూరదేశపు గుహ కాస్త దగ్గరవుతుంది. కెంటకీలో ఈ గుహ యజమానులు సుమారు 70 మంది బానిసలను లోపల పనికి పెట్టారు. వారు మట్టిని తవ్వి పెద్ద పెద్ద చెక్క తొట్టెల్లో పోసేవారు, దూలాలకు బెజ్జం తొలిచి చేసిన గొట్టాల ద్వారా బయటి నుంచి నీళ్లు పారించేవారు, మట్టిలోని లవణం కరిగిన ఆ నీటిని మళ్లీ గొట్టాల ద్వారానే బయటకు తోడేవారు. బయట దానిని కట్టెల బూడిద నుంచి తీసిన క్షారంతో కలిపి, మరగకాచి, సురేకారంగా మార్చేవారు. ఆ తొట్టెలు, ఆ గొట్టాలు రెండు వందల ఏళ్లు గడిచినా నేటికీ అక్కడే ఉన్నాయి. పై అంతస్తు పొడిగా ఉండటం వల్ల చెక్క చివకలేదు. నా లాంతరును ఒక గొట్టం చివరకు దగ్గరగా పట్టుకుని చూశాను. రెండు దూలాలు కలిసే చోట, ఒకదాని కొనను పెన్సిలు చెక్కినట్టు సన్నగా చెక్కి రెండోదాని నోట్లోకి దిగగొట్టారు. ఆ గొడ్డలి దెబ్బల అంచులు నిన్ననో మొన్ననో చెక్కినట్టు స్పష్టంగా ఉన్నాయి. చెక్కిన మనిషి పేరు మాత్రం అక్కడ ఎక్కడా లేదు.

యుద్ధం ముగిసి సురేకారం ధర పడిపోయాక గుహ చూడవచ్చేవారితో వ్యాపారం మొదలైంది. 1838లో ఫ్రాంక్లిన్ గోరిన్ అనే న్యాయవాది గుహను కొని, తన సొత్తుగా ఉన్న స్టీఫెన్ బిషప్ అనే యువకుణ్ణి గైడుగా తెచ్చాడు. అప్పటికి స్టీఫెన్‌కు పదిహేడేళ్ల ప్రాయం. దారులు ఎలా తెలిశాయని మీరు అడిగారు. ముందటి గైడుల వెంట తిరిగి కొన్ని నేర్చుకున్నాడు, అంతకన్నా ఎక్కువ తానే కనిపెట్టాడు. అందరూ అంతటితో ఆగిపోయే చోట సుమారు వంద అడుగుల లోతైన గొయ్యి ఒకటి ఉంది, దానికి అడుగులేని గొయ్యి అని పేరు. అతడు మొదటి ఏడాదే, ఒక సందర్శకునితో కలిసి, ఆ గొయ్యి మీద నిచ్చెన అడ్డంగా వేసి అవతలికి పాకి వెళ్లాడు. అవతల మైళ్ల కొద్దీ కొత్త దారులు, గుహ అట్టడుగున పారే నదులు, వాటిలో కళ్లు లేని చేపలు ఉన్నాయని లోకానికి తెలిసింది అతడి వల్లనే. మరుసటి ఏడాది డాక్టర్ జాన్ క్రోగన్ గుహను కొన్నప్పుడు ఆ కొనుగోలుతో పాటు స్టీఫెన్ కూడా చేతులు మారాడు. 1842లో క్రోగన్ ఇంట్లో కూర్చుని స్టీఫెన్ జ్ఞాపకం నుంచి గీసిన గుహ పటం 1844లో అచ్చయింది, దాని మీద అతని పేరు కూడా ఉంది. చట్టం దృష్టిలో తన శరీరం మీద తనకే హక్కు లేని మనిషి, ఆ కాలపు పండితులకూ ధనికులకూ చీకట్లో ముందు నడిచి దారి చూపాడు. అతడు ఎక్కడ ఆగమంటే వారు అక్కడ ఆగేవారు, ఎక్కడ వంగమంటే అక్కడ వంగేవారు. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నా మనసు కలత చెందుతోంది.

గోడల మీద, కప్పుల మీద పొగతో రాసిన వందలాది పేర్లు ఆ యాత్రల్లో కనిపిస్తాయి. కొవ్వొత్తిని కర్ర చివర కట్టి, మంట కొనను రాతికి తగిలీ తగలనట్టు పట్టుకుని, పొగ మసితో ఒక్కో అక్షరమూ చుక్కలుగా దిద్దేవారు. సందర్శకులు డబ్బిచ్చి గైడుల చేత తమ పేర్లు అలా రాయించుకునేవారు. బానిసలకు అక్షరాలు నేర్పడం అమెరికా దక్షిణాదిన చాలాచోట్ల నేరంగా ఉన్న కాలంలో, స్టీఫెన్ ఇతరుల పేర్లు దిద్దుతూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని చెబుతారు. అతని సొంత పేరు కూడా గుహలో ఉంది. ఇప్పుడు ఎవరైనా అలా రాస్తే నేరం. ఆ నాటి రాతలు మాత్రం కాపాడవలసిన దస్తావేజులు అయ్యాయి, వాటిని చెరపరు.

క్రోగన్ గురించి ఇంకో సంగతి కూడా ఆ యాత్రలో చెబుతారు. గుహలోని సమశీతల గాలి క్షయకు మందు అవుతుందని నమ్మి, 1842 చివరలో అతడు రోగులను లోపల గుడిసెల్లో ఉంచాడు. వంట మంటల పొగ, దీపాల పొగ, సూర్యరశ్మి లేని నెలలు వారిని మరింత కుంగదీశాయి. కొందరు లోపలే చనిపోగా, 1843 ఆరంభంలో ఆ ప్రయత్నం మానివేశారు. క్షయకు ఒక సూక్ష్మజీవి కారణమని రాబర్ట్ కాక్ చూపించింది 1882లో కనుక క్రోగన్‌ను దుర్మార్గుడని నేను అనను. 1849లో అతడూ క్షయతోనే మరణించాడు. కప్పులేని రెండు రాతి గుడిసెలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఆ రోగులకు అన్నం మోసుకువెళ్లి, కట్టెలు తెచ్చి, సేవ చేసినవారు కూడా ఈ బానిస గైడులే. ఆ గుడిసెల దగ్గర మా రేంజరు లాంతరు కింద పెట్టి ఇదంతా చెబుతుంటే నలభై మందిలో ఒక్కరూ గొంతు విప్పలేదు.

క్రోగన్ వీలునామా ప్రకారం అతను పోయిన ఏడేళ్లకు, 1856లో, స్టీఫెన్‌కు స్వేచ్ఛ దొరికింది. మరుసటి ఏడాదే అతడు చనిపోయాడు. సందర్శకుల కేంద్రానికి కాస్త దూరంలో పాత గైడుల శ్మశానం ఉంది, అక్కడికి కాలిబాట వేశారు. స్టీఫెన్ సమాధి మీద రాయి చాలా ఏళ్ల తరువాత పిట్స్‌బర్గ్‌కు చెందిన ఒక ధనికుడు పంపినది, దాని మీద చనిపోయిన సంవత్సరాన్ని 1859 అని తప్పుగా చెక్కారు. నాకు తెలిసి అంత గొప్ప అన్వేషకుడి సమాధి మీద అటువంటి తప్పు ఉండటం బాధాకరం. అయినా ఆ రాయి కూడా ఇప్పుడు చరిత్రలో భాగమే.

స్టీఫెన్‌తో పాటు మ్యాట్ బ్రాన్స్‌ఫర్డ్, నిక్ బ్రాన్స్‌ఫర్డ్ అనే ఇద్దరిని కూడా గైడులుగా తెచ్చారు. వారిని కొనలేదు, యజమాని నుంచి ఏడాది చొప్పున అద్దెకు తీసుకున్నారు. కూలి యజమానికి, నడక వీరికి. బానిసత్వం రద్దయ్యాక కూడా బ్రాన్స్‌ఫర్డ్ కుటుంబం వారు తరతరాలుగా అదే పనిలో ఉన్నారు. 1941లో నేషనల్ పార్కు ఏర్పడే నాటికి నల్లజాతి గైడులకు అక్కడ చోటు లేకుండా పోయింది. ఆ వంశంలో ఐదో తరం మనిషి ఒకరు 2004లో రేంజరు దుస్తుల్లో తిరిగి వచ్చి, తన పూర్వీకుల కథను ఆ గుహలోనే చెప్పారు. యాత్రకు పేరిచ్చిన వాయిలెట్ సిటీ భాగాన్ని 1908లో మాక్స్ కాంపర్ అనే జర్మన్ ఇంజనీరు కొలిచి పటం గీసినప్పుడు ఆయనకు దారి చూపిన గైడు ఎడ్ బిషప్ కూడా స్టీఫెన్ కుటుంబం వాడే. ఆ భాగానికి మాత్రం గుహ వారసురాలైన వాయిలెట్ జానిన్ పేరు పెట్టారు.

కనుక మీ రెండో ప్రశ్నకు నా సమాధానం ఇది: ఇప్పుడు దాటవేయరు. ఎంత చెబుతారన్నది ఆ రోజు మీకు దొరికిన రేంజరును బట్టి కొంత మారుతుంది. చెప్పకపోతే అడగండి. అడిగితే సంతోషంగా చెబుతారు.

ప్రశ్న: మాది కొలిమిగుండ్ల ప్రాంతం. మా బెలూం గుహల్లో ఇటువంటి లాంతరు యాత్ర పెడితే ఎలా ఉంటుంది?
(ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా)

జవాబు: మీ ఉత్సాహం మెచ్చుకోదగినది, కానీ కిరసనాయిలు లాంతర్లతో మాత్రం వద్దు. మామత్ గుహలో దారులు పెద్దవి, గాలి చల్లగా కదులుతూ ఉంటుంది. అక్కడ ఇప్పటికి కొలిచిన దారులే 426 మైళ్లకు పైగా ఉన్నాయి. బెలూం మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులు తిరిగేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. లోపల ఉక్క ఎక్కువ, చెమటలు కారిపోతాయి, కొన్ని దారులు ఒక మనిషి పట్టేంత ఇరుకు. అక్కడ యాభై లాంతర్ల వేడినీ పొగనూ వదలడం మనుషులకూ గుహకూ మంచిది కాదు. బ్యాటరీతో వెలిగే, పసుపు వెలుగునిచ్చే చిన్న చేతి దీపాలతో, పాతికమందికి మించకుండా, రోజులో చివరి ఒక్క గంట నడిపితే మాత్రం చక్కగా ఉంటుంది. పాతాళగంగ దగ్గర, భూమికి 46 మీటర్ల లోతున, రంగురంగుల దీపాలన్నీ ఆర్పి నీటి చప్పుడు మాత్రమే వినిపించేలా ఒక నిమిషం నిలబడే అవకాశం దొరికితే నేను హైదరాబాద్ నుంచి మళ్లీ వస్తాను. దీపాలు ఎంతసేపు ఆరి ఉంటే రాళ్ల మీద నాచు పట్టడం కూడా అంత తగ్గుతుంది.

అయితే దీపాల కన్నా ముందు కావలసినది చెప్పే కథ. బెలూం గురించి మనం చెప్పుకునేది ఎంతసేపూ 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాసుకున్న మాట, 1980లలో జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబావర్ బృందం చేసిన కొలతలు, 2002లో పర్యాటకులకు తెరవడం. ఇవన్నీ ముఖ్యమే. కానీ ఆ కొలతల వారికి దారి చూపిన మీ ఊరి మనుషులు ఎవరు? వారు ఏ దివిటీతో, ఎంత దూరం లోపలికి వెళ్లేవారు? ఏ సొరంగానికి ఏ పేరు పెట్టుకున్నారు? ఒకప్పుడు చెత్త పోసే చోటుగా ఉన్న ఆ గుంతను బాగు చేయాలని పట్టుబట్టిన స్థానికులలో కొందరైనా ఇప్పటికీ మీ మధ్య ఉండి ఉంటారు. మీరు కొలిమిగుండ్లలోనే ఉన్నారు కాబట్టి ఈ పని మాకన్నా మీకే సులువు. పెద్దవారి దగ్గర కూర్చుని, వారు చెప్పింది చెప్పినట్టు, వారి మాటల్లోనే రాసి, వారు ఒప్పుకుంటే పేర్లతో సహా మాకు పంపండి. ఈ శీర్షికలోనే ప్రచురిస్తాము.